కురుసుర నుంచి రాస్ హిల్ దాకా: వైజాగ్‌లో సముద్రపు చరిత్రని ఏ వరసలో చూడాలి

వైజాగ్‌కి చుట్టాలొస్తే సాయంత్రం బీచ్ రోడ్డుకి తీసుకెళ్లి, మురీ మిక్చర్ తినిపించి, ఇంకా టైముంటే కురుసుర సబ్‌మెరైన్‌లో ఈ చివర ఎక్కించి ఆ చివర దించేయడం మనకి అలవాటైపోయింది. అలా చూస్తే పది నిమిషాల్లో అయిపోతుంది, బుర్రలో ఏమీ మిగలదు. కురుసుర, దానికి ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం, విశాఖ మ్యూజియం, వన్‌టౌన్‌లో రాస్ హిల్ చర్చి, ఈ నాలుగూ ఒకదాన్ని చూస్తే ఇంకోటి అర్థమయ్యే చోట్లు. మొదటి మూడింటికీ ఒక మధ్యాహ్నం, రాస్ హిల్‌కి మర్నాడు పొద్దున్న కేటాయించుకోండి.

ముందు కురుసురే చూడాలి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబర్ 18న మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి తప్పుకునే నాటికి 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. 2002 ఆగస్టులో జనం చూడటానికి తెరిచారు. ఇసకలో కనిపించే ఆ 91 మీటర్ల పొడవు అసలు సబ్‌మెరైనే, చూపించడానికి చేసిన నమూనా కాదు. పనిలో ఉన్న ఓడలకి మాత్రమే దక్కే జెండాల అలంకరణ గౌరవాన్ని నౌకాదళం దీనికి ఇప్పటికీ ఇస్తోంది.

లోపలికి వెళ్లగానే టార్పెడో గది. టార్పెడో అంటే నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధం. గొట్టాల గుండ్రటి మూతలు ఎదురుగా ఉంటాయి. ముందు వైపు ఆరు గొట్టాలు, వెనక వైపు నాలుగు. టార్పెడో వ్యాసం 533 మిల్లీమీటర్లు, మొత్తం 22 పట్టేవి. వాటి పక్కనే మనుషులు పడుకునే బెర్తులున్నాయి. ఒక బెర్తు ముందు నిలబడి వెడల్పు చూడండి. రైల్లో అప్పర్ బెర్తు దీనికన్నా నయం. ఇలాంటి చోట 70 మందికి పైగా రోజుల తరబడి ఉండేవాళ్లు.

ఇక గదికీ గదికీ మధ్య ఉండే గుండ్రటి తలుపులు. చాలామంది తల ముందు దూర్చి నుదురు కొట్టుకునేది ఇక్కడే. పైనున్న కమ్మీ రెండు చేతులతో పట్టుకుని, ముందు ఒక కాలు అవతల పెట్టి, నడుం వంచి, తల చివర్లో దాటించాలి. ఆ తలుపు అంత చిన్నగా ఎందుకుందో కూడా గమనించండి. ఒక గదిలోకి నీళ్లొస్తే దాన్ని బిగించేసి మిగతా గదుల్ని కాపాడుకోవాలి. తలుపు ఎంత చిన్నదైతే అంత త్వరగా మూయొచ్చు, నీటి ఒత్తిడిని అంత గట్టిగా తట్టుకుంటుంది.

మధ్యలో కంట్రోల్ రూమ్. పెరిస్కోప్, చక్రాలు, మీటర్లు, గోడల నిండా పైపులు. ఫొటోల కోసం జనం ఆగిపోయి వెనకవాళ్లు ఇరుక్కుపోయేది కూడా ఇక్కడే. ఫొటో ఒకటి తీసుకుని కదిలితే మంచిది. ఆగాల్సిన చోటు వేరే ఉంది, ఎక్కువమంది దాన్ని దాటుకుని వెళ్లిపోతారు. మీ కాళ్ల కింద నేల అడుగున బ్యాటరీలుంటాయి. ఈ తరగతి సబ్‌మెరైన్‌లో 448 సెల్స్. నీళ్లలో మునిగి ఉన్నంతసేపూ వీటి కరెంటుతోనే మోటార్లు తిరుగుతాయి. డీజిల్ ఇంజన్లు మూడు ఉన్నా అవి నడవాలంటే గాలి కావాలి. అందుకని ఛార్జింగ్ అయిపోవచ్చినప్పుడు పైకి దగ్గరగా వచ్చి, స్నార్కెల్ గొట్టాన్ని నీటి పైకి లేపి, గాలి పీల్చుకుంటూ డీజిల్ ఇంజన్లతో బ్యాటరీలు నింపుకోవాలి. సబ్‌మెరైన్ దొరికిపోయే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ ఉండేది ఆ సమయంలోనే. ఇది గుర్తుపెట్టుకుని రోడ్డు దాటండి.

గైడ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. ఈ మ్యూజియానికి ప్రాణం వాళ్లే. రాసిపెట్టిన బోర్డుల కన్నా వాళ్ల మాటల్లో ఎక్కువ తెలుస్తుంది, అడిగితే ఇంకా చెబుతారు. వచ్చిన చిక్కల్లా రద్దీతోనే. ఆదివారం సాయంత్రం వెనకనుంచి తోపులాట మొదలైతే ఎంత మంచి గైడ్ అయినా రెండు ముక్కలు చెప్పి ముందుకు పంపక తప్పదు. మామూలు రోజు మధ్యాహ్నం గేటు తెరవగానే వెళితే నింపాదిగా అరగంట ఉండొచ్చు. సోమవారం సెలవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి, ఇరుకు గదుల్లో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లకి లోపలికి వద్దనే చెబుతాం. చక్రాల కుర్చీ వెళ్లే వీలు లేదు. పెద్ద బ్యాగులు, ఎత్తు మడమల చెప్పులు, కొంగు జారే పట్టుచీరలు ఇబ్బంది పెడతాయి. చంటిపిల్లల్ని చంకనెత్తుకుని ఆ తలుపులు దాటడం కష్టం, ఒకరు బయట ఉండి వంతులవారీగా చూడండి.

ఎదురుగా ఉన్న టీయూ-142 సబ్‌మెరైన్లని వేటాడే విమానం. ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టడం చాలా గొప్ప సంగతి, కానీ పక్కన ఎవరైనా చెబితే తప్ప చూసేవాళ్లకి తట్టదు. సముద్రం మీద గంటల తరబడి తిరుగుతూ, నీళ్లలోకి సోనోబోయ్‌లు, అంటే తేలుతూ నీటి కింది చప్పుళ్లు వినే పరికరాలు, జారవిడిచి, కింద ఇంజన్ చప్పుడు వినిపిస్తుందేమో అని ఇది చెవులు రిక్కించేది. స్నార్కెల్ పైకి లేచిందంటే రాడార్‌కి చిక్కే అవకాశం ఉండేది. 1988లో మన నౌకాదళంలోకి వచ్చి, 29 ఏళ్లు ఎగిరి, 2017 మార్చి 29న అరక్కోణం దగ్గరి రాజాళి స్థావరంలో సెలవు తీసుకుంది. తర్వాత వైజాగ్‌కి ఎగిరొచ్చిన ఒక విమానాన్ని భాగాలుగా విడదీసి బీచ్ రోడ్డుకి తెచ్చి మళ్లీ బిగించారు. 2017 డిసెంబర్ 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు.

లోపల చూసొచ్చాక తొందరపడి వెళ్లిపోకండి. రెక్కల కింద నిలబడి ఒక్కో ఇంజన్‌కి ఉన్న ప్రొపెల్లర్ రేకులు లెక్కపెట్టండి. ముందొక నాలుగు, వెనకొక నాలుగు, మొత్తం ఎనిమిది. ముందు వరస ఒక వైపు తిరిగితే వెనక వరస దానికి ఎదురు తిరుగుతుంది. ముందు వరస మెలితిప్పిన గాలిని వెనక వరస సరిచేసి తోపుగా మారుస్తుంది. పిల్లలకి ఇది చూపిస్తే ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు.

అదే రోడ్డులో విశాఖ మ్యూజియం. డచ్చివాళ్ల నాటి పాత బంగళా, 1991 అక్టోబర్‌లో మ్యూజియంగా తెరిచారు. జమీందారీ ఇళ్ల కత్తులు, నాణేలు, పింగాణీ, పటాలు ఉన్నాయి. అవి బాగానే ఉంటాయి గాని, ఈ మ్యూజియానికి వెళ్లాల్సింది ఒక బాంబు కోసం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద దాడి చేశాయి. ఆ యుద్ధకాలంలో పడి పేలకుండా మిగిలిన 250 పౌండ్ల బాంబు, అంటే సుమారు 113 కిలోలు, ఇక్కడ ఉంది. బర్మాలోని రంగూన్ జపాన్ చేతికి చిక్కాక ఈ తీరం ఎంత భయంలో బతికిందో ఏ పుస్తకం కన్నా ఆ ఇనుప ముద్ద బాగా చెబుతుంది.

అసలు జపాన్ ఈ ఊరి మీదికి ఎందుకొచ్చింది? దానికి జవాబు వన్‌టౌన్‌లో దొరుకుతుంది. మర్నాడు పొద్దున్నే, ఎండ ముదరకముందే రాస్ హిల్ ఎక్కండి. రాస్ అనే ఆయన 1864లో ఈ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత ఆ ఇల్లే ప్రార్థనాలయమైంది. అందుకే కట్టడంలో పెద్ద చర్చిల ఆర్భాటం వెతక్కండి. దీని విలువంతా అది ఉన్న చోటులో ఉంది. పక్క కొండ మీద దర్గా, ఆ పక్క కొండ మీద వేంకటేశ్వర స్వామి గుడి. కింద ఓడలు వెళ్లే ఇరుకైన నీటిదారి, అంటే ఛానెల్, అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. 1933 డిసెంబర్ 19న అప్పటి వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించిన ఓడరేవుకి ఓడలు ఈ ఛానెల్లోంచే వెళతాయి. ఒక్క ఓడ లోపలికి వచ్చేదాకా ఆగితే, కొండల చాటున దాక్కున్న రేవు ఎంత విలువైనదో కళ్లకి కడుతుంది. దారి నిటారుగా ఉంటుంది, నీళ్ల సీసా పట్టుకెళ్లండి. ప్రార్థన జరుగుతుంటే బయటే ఆగండి. నౌకాదళం వైపు కెమెరా తిప్పకండి.

ఇంకో పూట చేతిలో ఉంటే 900K నంబరు బస్సెక్కి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లి డచ్చి సమాధులు చూడండి. ఉప్పుగాలికి రాళ్లు తినేసిపోయి కొన్ని అక్షరాలు వేలితో తడిమితే తప్ప తెలియవు. మిట్టమధ్యాహ్నం వెళ్లినవాళ్లకి అంతా చదునుగా కనిపించి, చూడటానికి ఏమీ లేదని తిరిగొచ్చేస్తారు. పొద్దున్న ఏడింటికో, సాయంత్రం నాలుగున్నరకో వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడితే చెక్కిన ప్రతి గీతకీ నీడ వచ్చి పేర్లు పైకి తేలతాయి. అక్షరాలు కనిపించడానికి సుద్దముక్కతో మాత్రం రుద్దకండి, ఆ రుద్దుడుకి మిగిలిన అంచులు కూడా రాలిపోతాయి.