టార్కీలో మూడు రోజులు: అగాథా క్రిస్టీ ఇల్లు, విషాల తోట

లండన్ పాడింగ్టన్‌లో బయలుదేరి, న్యూటన్ అబట్‌లో బండి మారి, దాదాపు మూడు గంటల్లో ఇంగ్లండు నైరుతి తీరంలోని టార్కీ పట్టణం చేరాము. 66 డిటెక్టివ్ నవలలు రాసిన అగాథా క్రిస్టీ 1890లో పుట్టిన ఊరు ఇదే అయినా, ఆవిడ పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు, 1960లలో కూల్చేశారు.

బస విషయంలో మేము మోసపోయామనే చెప్పాలి. సముద్రం కనిపించే గది అని అదనంగా పుచ్చుకున్న లాడ్జిలో, ఆ సముద్రం స్నానాలగది కిటికీలోంచి, అదీ స్టూలెక్కి నిలబడితేనే కనిపించింది. పైగా ఊరంతా ఎత్తుపల్లాలే కాబట్టి, పెద్దవాళ్ళతో వెళ్ళేవారు స్టేషను పక్కనే, సముద్రపుటొడ్డున గది చూసుకోవడం మేలు. 1914లో పెళ్ళి కాగానే క్రిస్టీ దంపతులు దిగిన గ్రాండ్ హోటల్ అక్కడే ఉంది కానీ, దాని ధర మాకు అందలేదు.

రెండో రోజు పక్క ఊరు పెయిన్టన్‌లో పొగబండి ఎక్కి గ్రీన్‌వే హాల్ట్‌లో దిగి, చెట్ల మధ్య అరగంట నడిచి క్రిస్టీ ఇల్లు గ్రీన్‌వే చేరాము. కారులో వెళ్ళేవారు పార్కింగు ముందే బుక్ చేసుకోవాలి. డార్ట్ నది ఒడ్డున ఉన్న ఈ ఇంటిని ఆవిడ 1938లో 6,000 పౌండ్లకు కొన్నారు. 2000లో కుటుంబం దానిని చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టుకు అప్పగించింది. రాతబల్ల కోసం వెతికే అభిమానికి ఇక్కడ కొంత నిరాశ తప్పదు, ఎందుకంటే ఇది సెలవుల ఇల్లు. రాసిన నవలను ఇంటిల్లిపాదికీ చదివి వినిపించి, హంతకుడెవరో చెప్పుకోమనేవారట. యుద్ధకాలంలో ఇక్కడ మకాం వేసిన అమెరికన్ కోస్ట్‌గార్డులలో ఒకాయన గ్రంథాలయం గోడల పైభాగాన వేసిన చిత్రాలను ఆవిడ చెరిపించకుండా ఉంచుకున్నారు. నేను అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడింది ఆ గదిలోనే.

టార్కీ మ్యూజియంలో టీవీ సీరియల్ నుంచి తెచ్చిపెట్టిన పోయిరో (క్రిస్టీ నవలల్లోని డిటెక్టివ్) గది ఉంది. ఫొటోలకు బాగుంటుంది, అంతే.

ఈ రచయిత్రి వృత్తి అర్థం కావాలంటే మాత్రం గ్రీన్‌వే కన్నా టార్కీలోనే ఉన్న పాత మఠం టోర్ ఆబీలోని విషమొక్కల తోటకే నా ఓటు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ఊరి ఆసుపత్రిలో నర్సుగా చేరి, తర్వాత మందులగదికి మారి, అక్కడ కలిపిన మందుల నుంచే ఆవిడ తన కథల్లో చావులకు దినుసులు తెచ్చుకున్నారు. 1920లో వెలువడిన తొలి నవలలోని స్ట్రిక్నిన్ అనే విషం మన అడవుల్లో దొరికే ముష్టి గింజల సారమేనని చెబితే, అంతవరకు విసుగ్గా నడుస్తున్న మా అమ్మ ఆగి, ప్రతి మొక్క పక్కనున్న పలకనూ నా చేత చదివించుకుంది.