కడప బండ శిల్పాలకు మంచి మార్కులే, లైటింగుకే సున్నా

కడపలో ఒక ఫంక్షన్ హాలు మేడమీద పెట్టిన ఈ ఎగ్జిబిషన్లో శిల్పాలు, పెయింటింగులు, వస్తువుల్ని చోటంతా అమర్చి చూపే ఒక ఇన్‌స్టలేషన్ ఉన్నాయి. టైము లేకపోతే మిగతావి వదిలేసి నేరుగా కడప బండ శిల్పాల దగ్గరికి పోండి.

కడప బండ సున్నపురాయి. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టే గచ్చుకూ, వంటింటి గట్టుకూ పలకలుగా సులువుగా లేస్తుంది. శిల్పికి ఆ గుణమే తలనొప్పి. ఉలి పొర వెంబడి పడిందంటే అంచు పెచ్చుగా ఊడొస్తుంది. ఆళ్లగడ్డ విగ్రహాల మాదిరి ముక్కూ వేళ్లూ తీద్దామంటే ఇందులో కుదరదు. ఈ శిల్పి ఆ పంతానికి పోలేదు. అంగుళం మందం పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చి, నడుమ స్టీలు కడ్డీ దించి, నిలువెత్తు మొండెం నిలబెట్టారు. ఛాతీకి పాలిష్ పట్టి నల్లగా మెరిపించి, వీపు వైపు పగిలిన అంచులు అట్లాగే వదిలారు. ఉలి తగిలిన చోట ఈ రాయి బూడిదరంగుకు తిరుగుతుంది. ఎడమ భుజం మీది గీతలన్నీ అవే, రంగు చుక్క కూడా లేదు. రెండో శిల్పంలో మాత్రం ఊడిన అంచును ఉట్టి ఎపాక్సీ జిగురుతో అతికించారు, అతుకు గాజులా మెరుస్తోంది. అదే రాతిపొడి కలిపి ఉంటే ఇంతగా బయటపడేది కాదు.

పెయింటింగులు ఫర్వాలేదు. రెండు కాన్వాసులు వదులై ఉబ్బాయి, ఫ్రేము మూలల్లో చిన్న చెక్క చీలలు కొట్టి బిగిస్తే సరిపోయేది. పెళ్లి డెకరేషన్ మేకులకే తగిలించడంతో అన్నీ తలకు పైన వేలాడుతున్నాయి. బొమ్మ నడిమధ్య నేల నుంచి 57–60 అంగుళాల ఎత్తులో ఉండాలి. ఎదురుగా ట్యూబులైట్లు, బొమ్మ మీద వార్నిషు: కనపడేది లైటే.

ఇన్‌స్టలేషన్‌కు జరిగింది ఇంకా అన్యాయం. నిమ్మలకుంట తోలుబొమ్మల పద్ధతిలో మేకతోలును పలచగా గీకి, ఉలితో చిల్లులు కొట్టి, నైలాను దారాలతో వేలాడదీశారు. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ పనితనం తెలిసినవాళ్లు ఇక్కడి చిల్లుల వరస చూసి మెచ్చుకుంటారు. కానీ వెనక నుంచి వెలుగు పడి చుట్టూ చీకటి ఉంటేనే తోలు రంగు తేలేది, గోడమీద నీడ పడేది. హాల్లో లైట్లన్నీ వేసి పెడితే ఇంకేం నీడ? పైగా వెనక పెట్టింది హాలోజెన్ బల్బు, అదీ జానెడు దూరంలో. ఆ వేడికి తోలు అంచులు ముడుచుకుంటున్నాయి. ఎల్‌ఈడీ పెట్టి మూడడుగులు వెనక్కి జరిపితే ఆ బెడద ఉండదు. సాయంత్రం వెళ్లి అడగండి, ట్యూబులైట్లు ఆర్పుతున్నారు.

ధరలు చీటీల మీద లేవు, టేబుల్ దగ్గర లిస్టు ఉంది. శిల్పం కొంటే పలకలు విడదీయించి, ఆటోలో నిలువుగా పెట్టించండి. పడుకోబెడితే గతుకులకు నడిమికి విరుగుతాయి. ఇంట్లో నిమ్మరసం, బాత్రూం యాసిడ్ దగ్గరికి రానీయొద్దు, ఒక్క చుక్క పడినా పాలిష్ పోయి మచ్చ తేలుతుంది. కడ్డీ, దిమ్మె ధరలో కలిసే ఉన్నాయో లేదో ముందే అడిగి బిల్లులో రాయించుకోండి.