సీడీపాప్ వాడే న్యూయార్క్ తెలుగువాళ్ళూ, పాత ఏజెన్సీ వాళ్ళు సంతకం అడిగితే జాగ్రత్త

న్యూయార్క్ స్టేట్‌లో అమ్మనో నాన్ననో అత్తగారినో ఇంట్లోనే పెట్టుకుని, మెడికెయిడ్‌లో (ప్రభుత్వ ఆరోగ్య బీమా) సీడీపాప్ అనే ప్రోగ్రామ్ కింద ఇంట్లోవాళ్ళే చూసుకుంటూ జీతం తీసుకుంటున్న వాళ్ళ కోసం ఈ పోస్ట్. న్యూజెర్సీలో ప్రోగ్రామ్ వేరు, రూల్స్ వేరు, దాని జోలికి పోవట్లేదు.

ముందు అసలు సంగతి. మారింది పేరోల్ చేసే కంపెనీ మాత్రమే. 2024 ఏప్రిల్ బడ్జెట్‌లో స్టేట్ వాళ్ళు, వందల ఏజెన్సీలు చేస్తున్న పేరోల్ పని అంతా తీసేసి ఒక్క కంపెనీకే ఇవ్వాలని పెట్టారు, అది పీపీఎల్ అనే కంపెనీకి వెళ్ళింది. 2025 ఏప్రిల్ 1 డెడ్‌లైన్ అన్నారు, సరిగ్గా ముందురోజు ఫెడరల్ జడ్జి ఆపారు, తర్వాత గడువు పెంచుకుంటూ పోయారు. మొదట్లో చాలామందికి జీతాలు లేటయ్యాయని న్యూస్‌లో కూడా వచ్చింది. జనం కంగారు పడ్డారంటే పడరా మరి. కానీ ఎవర్ని పనిలో పెట్టుకోవాలి అనేది అప్పుడూ పేషెంట్ ఇష్టమే, ఇప్పుడూ పేషెంట్ ఇష్టమే. ఎన్ని గంటలు అనేది మెడికెయిడ్ ఇన్సూరెన్స్ ప్లాన్ వాళ్ళు చెప్తారు, పేరోల్ కంపెనీ కాదు.

ఆ కంగారునే, అంతకుముందు మా పేరోల్ చేసిన పాత ఏజెన్సీ వాళ్ళు వాడుకున్నారు. అక్కడి కోఆర్డినేటర్ మేం ఆఫీసుల్లో ఉన్న టైమ్‌లో అమ్మకి ఫోన్ చేసి, మాతాజీ మాతాజీ అంటూ హిందీలో, "ప్రోగ్రామ్ మూసేస్తున్నారు, మీ గంటలన్నీ పోతాయి, మా దగ్గరే ఉండిపోతే ఏమీ మారదు" అని చెప్పింది. అమ్మది నిజామాబాద్, హిందీ బానే వస్తుంది, మర్యాదగా మాట్లాడేసరికి నమ్మింది. తర్వాత ఆవిడే ఇంటికొచ్చి ట్యాబ్ చూపించి సంతకం పెట్టించుకుంది. వేలితో, తెలుగులో, పూర్తి ఇంటిపేరుతో సహా పెట్టింది అమ్మ. కాగితం ఒక్కటి ఇవ్వలేదు. పక్కగదిలో అన్నం వారుస్తున్న మా ఆవిడని ఒక్కమాట కూడా అడగలేదు, అమ్మని చూసుకునే ఉద్యోగం తనదే అయినా, ఆ సంతకంతో పోయేది తన జీతమే అయినా.

ఆ ఫారంలో ఉన్నది ఏంటంటే, సీడీపాప్ వద్దు, మామూలు పర్సనల్ కేర్ కావాలి అని. అంటే వాళ్ళ ఏజెన్సీ నుంచి వాళ్ళ ఎయిడ్ (చూసుకునే మనిషి) వస్తుంది, బిల్లు వాళ్ళే వేసుకుంటారు. వాళ్ళకి పేరోల్ వ్యాపారం పోయింది కదా, ఇటునుంచి లాక్కోవాలని ప్లాన్. మనకి పోయేది ఏంటో ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా. మామూలు పర్సనల్ కేర్‌లో కొడుకు, కూతురు, అల్లుడు, కోడలు ఎవరికీ జీతం ఇవ్వకూడదు, స్టేట్ రూల్‌లోనే ఉంది. సీడీపాప్‌లో ఇవ్వచ్చు. భార్యాభర్తలకి మాత్రం కుదరదు, పేషెంట్ తరఫున రిప్రజెంటేటివ్‌గా సంతకాలు పెట్టే మనిషికీ కుదరదు, అందుకే మా ఇంట్లో రిప్రజెంటేటివ్ నేను, పనిలో ఉన్నది మా ఆవిడ.

ఇంకా పెద్ద దెబ్బ ఇన్సులిన్ దగ్గర తగిలింది. కొత్తగా వచ్చిన అమ్మాయి మంచిదే, తన తప్పేం లేదు, టైమ్‌కి వచ్చేది, అమ్మని జాగ్రత్తగా లేపి కూర్చోబెట్టేది. కానీ టిఫిన్ ముందు పెన్ తీసి చేతికిస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. గుర్తు చేయగలను గానీ ముట్టుకోకూడదు అంది, నిజమే, ఏజెన్సీ ఎయిడ్‌లు ఇంజెక్షన్ ఇవ్వకూడదు, సీడీపాప్‌లో ఉన్నవాళ్ళు నేర్చుకుని ఇవ్వచ్చు. అమ్మకి చేతులు వణుకుతాయి, సొంతంగా పొడుచుకోలేదు. ఇడ్లీ చల్లారిపోతూ ఉంటే ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం. చివరికి ఇన్సులిన్ ఇచ్చేది మళ్ళీ మా ఆవిడే, ఈసారి ఫ్రీగా.

ప్లాన్‌కి ఫోన్ చేస్తే "మీరే మార్చమన్నారు కదా" అన్నారు, సంతకం చూపించారు. వెనక్కి సీడీపాప్‌లోకి వచ్చాం గానీ దానికి మళ్ళీ కేర్ మేనేజర్, ఫారాలు, పీపీఎల్‌లో రిజిస్ట్రేషన్, ఇదంతా అయ్యేదాకా మధ్యలో పోయిన జీతం పోయినట్టే.

ఇలాంటి అబద్ధాలు చెప్పే కొన్ని ఏజెన్సీలకి హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు అప్పట్లోనే ఆపమని నోటీసులు కూడా ఇచ్చారు, అయినా ఆగలేదు, ఇప్పటికీ తెలిసినవాళ్ళకి "మాలో చేరితే బోనస్ ఇస్తాం" అని ఫోన్లు వస్తున్నాయట. వస్తే ఒకటే అడగండి: ఇది సీడీపాపా, పర్సనల్ కేరా, ఆ మాట కాగితం మీద రాసివ్వండి అని. మేం ఆ తర్వాత ఇలా అడిగితే ఫోన్ పెట్టేశారు. సర్వీస్ తగ్గిస్తున్నాం, ఆపేస్తున్నాం అని ప్లాన్ నుంచి లెటర్ వస్తే పక్కన పడేయకండి, లెటర్ డేట్ నుంచి 10 రోజుల్లోపు అప్పీల్ వేసి పాత సర్వీస్ కంటిన్యూ చేయమని అడగొచ్చు. ఐకాన్ అని ఉంది, లాంగ్ టర్మ్ కేర్ వాళ్ళకి ఉచితంగా సాయం చేస్తారు, ఇంటర్‌ప్రెటర్‌ని కూడా పెడతారు, అమ్మానాన్నలకి ఇంగ్లీష్ రాదని ఆగిపోవద్దు.

పేరోల్ మారినప్పుడు ఇంకో చిన్న విషయం చాలామంది మర్చిపోతున్నారు. చూసుకునే మనిషీ పేషెంటూ ఒకే ఇంట్లో ఉంటే ఐఆర్ఎస్ 2014-7 నోటీస్ ప్రకారం ఆ జీతం మీద ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు, కానీ దానికోసం పాత ఏజెన్సీలో ఇచ్చిన ఫారం కొత్త కంపెనీకి దానంతటదే రాదు, మళ్ళీ ఇవ్వాలి. పాత పోర్టల్ ఇంకా తెరుచుకుంటుంటే పే స్టబ్స్, డబ్ల్యూ-2లు ఇప్పుడే దించుకోండి. కొత్త కంపెనీ కాబట్టి ఐ-9 (పని చేసే అర్హత చూపించే ఫారం) కూడా మళ్ళీ అడుగుతారు, హెచ్-4 మీద ఈఏడీ (వర్క్ పర్మిట్) లేని కోడళ్ళకి ఈ పని కుదరదు, ఎవరో చేస్తున్నారని మీరు చేయకండి.

ఏజెన్సీ పేరు ఇక్కడ రాయట్లేదు, కంప్లైంట్ ఇంకా నడుస్తోంది. మీ అమ్మావాళ్ళకి కూడా ఇలా ట్యాబ్ మీద సంతకం పెట్టించుకుని ఉంటే ఈరోజే ప్లాన్‌కి ఫోన్ చేసి ఫైల్‌లో సర్వీస్ ఏమని ఉందో అడగండి.