ల్యాప్‌టాప్ సెక్యూరిటీ: యూజరే చూసుకోవాలా, ఐటీయే బిగించాలా?

డిస్క్ ఎన్‌క్రిప్షన్ (తాళంచెవి లేనిదే డేటా చదవలేకుండా మార్చడం), ఫైర్‌వాల్, స్క్రీన్ లాక్, ఆటోమేటిక్ అప్‌డేట్లు, ఓఎస్ వెర్షన్. ల్యాప్‌టాప్ పాలసీ ఎంత పొడుగున్నా అసలు పని ఈ ఐదింటిదే. వీటిని ఎవరు చూడాలన్న దగ్గరే పేచీ. ఎండీఎం (మెషీన్లని దూరం నుంచే అదుపు చేసే సాఫ్ట్‌వేర్) పెట్టి ఐటీ వాళ్లే సెట్టింగులు బిగించి, పాస్ కాని మెషీన్‌కి మెయిల్ ఆపెయ్యొచ్చు. లేదా యూజర్‌కే ఒక చెకింగ్ యాప్ ఇచ్చి, ఏది తప్పిందో, ఎలా సరిచేసుకోవాలో చూపించొచ్చు; ఇదే సెల్ఫ్ చెక్. 2017లో నెట్‌ఫ్లిక్స్ ఓపెన్‌సోర్స్ చేసిన స్టెతస్కోప్ అనే టూల్‌ది ఈ రెండో దారి.

సరిచేసుకునే అధికారం యూజర్‌కి ఉంటే సెల్ఫ్ చెక్ మేలు. అడ్మిన్ హక్కు లేని మనిషికి రోజూ ఎర్ర గుర్తు చూపిస్తే అది ఉత్త సతాయింపు. వారం తిరక్కుండానే ఆ యాప్‌ని పట్టించుకోవడం మానేస్తారు.

ఎన్‌క్రిప్షన్ సంగతే చూడండి. మ్యాక్‌లో ఎఫ్‌డీఈసెటప్ స్టేటస్ కమాండ్ మామూలు యూజర్‌కి కూడా జవాబిస్తుంది. విండోస్‌లో బిట్‌లాకర్ (విండోస్ సొంత ఎన్‌క్రిప్షన్) స్థితి చెప్పే మేనేజ్-బీడీఈ స్టేటస్‌కి అడ్మిన్ హక్కు కావాలి. దాని ఫలితాన్ని చదవడంలోనే అసలు పొరపాటు జరుగుతుంది. 'నూరు శాతం ఎన్‌క్రిప్ట్ అయింది' అని ఒక లైనులోనూ, 'ప్రొటెక్షన్ ఆఫ్' అని ఇంకో లైనులోనూ రావచ్చు. బయాస్ (మెషీన్‌ని బూట్ చేసే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కోసం బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి మళ్లీ ఆన్ చేయకపోతే ఇదే జరుగుతుంది. అప్పుడు డిస్క్‌ని తెరిచే తాళంచెవి ఏ రక్షణా లేకుండా ఆ డిస్క్ మీదే ఉంటుంది. శాతం ఒక్కటే చూసే చెక్ ఈ మెషీన్‌ని హాయిగా పాస్ చేసేస్తుంది. అందుకని ఏ పద్ధతి ఎంచుకున్నా ప్రొటెక్షన్ స్టేటస్‌నే అడగాలి.

ఎండీఎం బలం గడప దగ్గర ఆపగలగడం. బలహీనత ఆలస్యం. మైక్రోసాఫ్ట్ ఎండీఎం అయిన ఇంట్యూన్‌లో ఎన్‌రోల్ అయి కొంతకాలమైన విండోస్ మెషీన్ మామూలుగా సుమారు 8 గంటలకోసారి చెక్-ఇన్ అవుతుంది. బిట్‌లాకర్ కంప్లయన్స్ చెక్ (నిబంధనకి సరిపోతోందా అన్న తనిఖీ) బూట్ సమయంలో కొలిచిన సమాచారం మీద ఆధారపడుతుంది కాబట్టి, యూజర్ ఇప్పుడే ఆన్ చేసినా రీస్టార్ట్ అయ్యేదాకా పాత ఫలితమే ఉంటుంది. 'ఆన్ చేశాను, ఇంకా బ్లాక్ అంటోంది' అన్న టికెట్లకి కారణం చాలాసార్లు ఇదే. రీస్టార్ట్ చేసి, ఇంట్యూన్ వాళ్ల 'కంపెనీ పోర్టల్' యాప్‌లో సింక్ నొక్కమని బ్లాక్ మెసేజ్‌లోనే రాసేస్తే సగం గొడవ తీరుతుంది. ఇంకో మెలిక: ఏ కంప్లయన్స్ పాలసీ తగలని మెషీన్‌ని ఇంట్యూన్ డిఫాల్ట్‌గా 'కంప్లయంట్' అనే లెక్కేస్తుంది. ఆ సెట్టింగ్ మార్చకుండా కండిషనల్ యాక్సెస్ (కంప్లయంట్ మెషీన్లనే లోపలికి వదిలే నియమం) పెడితే, పాలసీ అందని మెషీన్లన్నీ దర్జాగా లోపలికి వస్తాయి.

సెల్ఫ్ చెక్‌లో ఈ నిరీక్షణ లేదు. సరిచేసి మళ్లీ నొక్కితే అప్పటికప్పుడే పచ్చ గుర్తు. కానీ ఆ ఫలితం యూజర్ మెషీన్ చెప్పుకున్న మాట మాత్రమే. అడ్మిన్ హక్కున్నవాడు దాన్ని మార్చగలడు. ఎండీఎం రిపోర్టుల్లో కూడా చాలా భాగం మెషీన్ తన గురించి తాను చెప్పుకునేదే. టీపీఎం (మెషీన్‌లోని సెక్యూరిటీ చిప్) సాక్ష్యం ఉన్న అంశాలు కొన్నే. అయినా పేరోల్, ప్రొడక్షన్ సర్వర్ల వంటి వాటికి సెల్ఫ్ చెక్‌ని టికెట్టుగా వాడొద్దు.

ఈ రెండింటి మధ్య మూడో దారి ఉంది. మెషీన్ స్థితిని డేటాబేస్ టేబుళ్లలా అడిగి తెలుసుకునే ఓఎస్‌క్వెరీ ఏజెంట్‌తో ఐటీ చూస్తుంది. అదే ఫలితం యూజర్‌కీ కనిపిస్తుంది. సరిచేసుకోడానికి గడువు ఉంటుంది. అడిగేవి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) ప్రశ్నలు కాబట్టి ఏం అడుగుతున్నారో దాచాల్సిన పని లేదు. ఒక చిక్కుంది: మ్యాక్ స్క్రీన్‌లాక్ టేబుల్ లాగిన్ అయిన యూజర్ తరఫున నడిస్తేనే సరైన జవాబిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో రూట్‌గా (సిస్టమ్ అడ్మిన్ ఖాతాతో) నడిపి, జవాబు రాలేదని 'ఫెయిల్' వేస్తే నిక్షేపంలాంటి మెషీన్ కూడా తప్పుతుంది. ఖాళీ జవాబుని 'తెలియదు' అని వేరుగా చూపించాలి.

ఓఎస్ వెర్షన్‌కి ఒకే గీత గీయకండి. 'తాజా వెర్షన్ ఉండాలి' అని రాస్తే, కొత్త అప్‌డేట్ వచ్చిన రోజున అందరూ ఎర్రబడతారు. రెండు హద్దులు పెట్టండి: కింది హద్దు దాటకపోతే ఫెయిల్, రెండింటి మధ్య ఉంటే హెచ్చరిక. మామూలు అప్‌డేట్‌కి 14 రోజుల గడువు సరిపోతుంది; ఇప్పటికే దాడుల్లో వాడుతున్న లోపానికి మాత్రం రెండు మూడు రోజులు మించొద్దు.

మా ఎంపిక ఇది. కంపెనీ ఇచ్చిన మెషీన్లలో ఎన్‌క్రిప్షన్, ఫైర్‌వాల్ ఎండీఎంతోనే బిగించెయ్యండి. అందులో యూజర్ తేల్చుకునేదేమీ లేదు. స్క్రీన్ లాక్‌నీ, రీస్టార్ట్ కోసం ఆగిన అప్‌డేట్లనీ మూడో దారికి వదలండి, ఎందుకంటే రీస్టార్ట్ ఎప్పుడు చేయాలో పనిలో ఉన్నవాడికే తెలుసు. డెవలపర్ల లినక్స్ మెషీన్లకి కూడా అదే నయం. సొంత ల్యాప్‌టాప్‌లకి సెల్ఫ్ చెక్ చాలు: ఎండీఎం అంటే 'నా ఫైళ్లు చెరిపేస్తారేమో' అన్న భయంతో జనం ఎన్‌రోల్ కారు, అలాంటి మెషీన్లకి ఇవ్వాల్సింది బ్రౌజర్‌లో తెరుచుకునే పనుల వరకే. నలుగురు వాడే ల్యాబ్ మెషీన్‌కి సెల్ఫ్ చెక్ పెట్టకండి, అక్కడ ఆ ఎర్ర గుర్తు ఎవరిదీ కాదు.