వీ బాట్ ఎ జూ: ఆ పులి సీన్లకి ఏడ్చేశా

భార్య చనిపోయాక ఇద్దరు పిల్లల్ని తీసుకుని, మూతపడ్డ జూతో సహా ఓ ఇల్లు కొనేసిన నాన్న కథ. 2011లో కామెరాన్ క్రో తీశాడు, నాన్నగా మ్యాట్ డామన్ యాక్ట్ చేస్తున్నట్టే ఉండదు. స్పార్ అని ముసలి పులి ఉంటుంది, ఇక లాభం లేదు దానికి ప్రశాంతంగా ప్రాణం పోనిద్దాం అని జూకీపర్ కెల్లీ ఎంత చెప్పినా ఆ నాన్న ఒప్పుకోడు, అతని బాధంతా భార్య గురించేనని మనకి అర్థమైపోయి గుండె పిండేస్తుంది. కొడుకుతో అరుచుకునే సీన్ కూడా సూపర్. లవ్ ట్రాక్ మాత్రం అక్కర్లేదు. అసలు కథ జరిగింది ఇంగ్లండ్‌లోని డెవాన్‌లో, బెంజమిన్ మీ (Mee) అనే ఆయన కుటుంబం 2006లో డార్ట్‌మూర్ జూ కొన్నారు, నిజానికి ఆయన భార్య జూ కొన్నాకే పోయింది, సినిమాలో ముందే పోయినట్టు మార్చారు. పిల్లలతో కలిసి చూడండి, ఆ నాన్న కూతురు బుజ్జి రోజీ వాళ్ళకి తెగ నచ్చేస్తుంది.