గ్రేట్ డేన్‌కు నవారు మంచం: ఒంగోలు ఇంట్లో ఎనిమిది నెలల వాడకం

మా ఇంట్లో ఉన్నది మూడేళ్ల మగ గ్రేట్ డేన్, పేరు భైరవ. బరువు 62 కిలోలు, భుజం దగ్గర ఎత్తు 82 సెంటీమీటర్లు. పేరులో డెన్మార్క్ వినిపించినా ఇది జర్మనీలో రూపుదిద్దుకున్న జాతి. మగకుక్క కనీసం 80 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని జాతి ప్రమాణమే చెబుతుంది కనుక మావాడు తనవాళ్లలో పెద్దవాడేమీ కాడు. అయినా పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న మా హాలులో వాడిని ఎక్కడ, దేనిమీద పడుకోబెట్టాలో చాలాకాలం తేల్చుకోలేకపోయాము. కిందటి మార్చి నెలాఖరులో ఊళ్లోనే ఒక వెల్డింగు షాపులో ఇనుప చట్రం కట్టించి, మంచాలు అల్లే ఒక పెద్దాయన చేత నవారు అల్లించాము. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఆ మంచం మీద గడిచాయి కాబట్టి ఇప్పుడు దాని గురించి నమ్మకంగా రాయగలను.

మంచం దాకా ఎందుకు వెళ్లామో ముందు చెప్పాలి. ఒంగోలులో చాలా ఇళ్లలాగే మా ఇంట్లోనూ నేలకు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పరిచి ఉంది. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసే ఆ నేల మనుషుల కంటికి ఎంత అందమో, బరువైన కుక్క కాళ్లకు అంత కష్టం. పాలిష్ చేసిన రాయి మీద గోళ్లకు పట్టు దొరకదు. పడుకున్న భైరవ లేవబోయినప్పుడల్లా వెనక కాళ్లు చెరోవైపుకు జారేవి. పెద్ద జాతులకు తుంటి కీలు బలహీనంగా ఏర్పడే ముప్పు ఎక్కువ కనుక, రోజుకు పది పదిహేనుసార్లు అలా జారడం చూస్తూ ఊరుకోలేకపోయాము. దానికి తోడు ఈ జాతికి వెంట్రుకలు పొట్టివి, మోచేతుల దగ్గర కండ పలచన. అంత బరువు రాతి మీద మోచేతుల ఆధారంగా వాలడంతో, రెండో ఏడు నిండేసరికి ఎడమ మోచేయి మీద నిమ్మకాయంత వాపు వచ్చింది. లోపల నీరు చేరిందనీ, చీము పట్టనంత వరకు దాన్ని కోయకూడదనీ, పడక మెత్తగా ఉంటే అదే తగ్గుతుందనీ పశువైద్యులు చెప్పారు.

ఆ మాట మీద ఆన్‌లైన్‌లో ఒక నురగ పరుపు తెప్పించాము. మొదటి నెల బాగానే ఉంది. మూడో నెలకు నడుమ గుంట పడి, మోచేయి మళ్లీ నేలకు తగలడం మొదలైంది. కుక్క నోటి చొంగ, కార్తీకంలో పడే ఈశాన్య రుతుపవనాల ముసురు రెండూ కలిసి పరుపుకు పట్టించిన ముక్క వాసన ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. అన్నిటికంటే పెద్ద లోపం వేడి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొద్దిగా పడుతుంది, మిగిలిన వేడంతా నాలుక చాపి వగర్చడం ద్వారానే పోవాలి. కొత్తపట్నం వైపు నుంచి వచ్చే సముద్రపు గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున ఆ వగర్పు కూడా సరిగా పనిచేయదు. అలాంటప్పుడు ఒంటి వేడిని పట్టి ఉంచే పరుపు మీద కుక్క ఎలా ఉండగలదు? వాడు దాన్ని వదిలి రాతి మీదికే పోయేవాడు, మోచేయి వాపు అలాగే ఉండేది.

మంచానికి కొలతలు తీసుకున్నప్పుడే నాకు చాలా విషయాలు అర్థమయ్యాయి. మామూలు మంచం ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. భైరవ పక్కకు వాలి కాళ్లు చాపితే వీపు నుంచి పాదాల దాకానే మూడున్నర అడుగులు వచ్చాడు. అందుకని ఆరడుగులకు నాలుగడుగులు పెట్టించాము. హాలులో సరిగ్గా అయిదో వంతు మంచానికే పోయింది. కుర్చీలు రెండు పడకగదిలోకి మార్చుకున్నాము. పెద్ద జాతిని ఇంట్లో పెంచాలనుకునేవారు పిల్లను తెచ్చుకోకముందే నేల మీద ఈ కొలతకు సుద్దముక్కతో గీత గీసి, ఒక వారం ఆ గీత దాటకుండా తిరిగి చూడాలని నా గట్టి అభిప్రాయం. ఎత్తు విషయంలో మాత్రం మామూలు మంచాన్ని అనుసరించకూడదు. అడుగున్నర ఎత్తు నుంచి రోజూ దూకితే ముంగాళ్ల కీళ్ల మీద దెబ్బ పడుతుంది కనుక కోళ్లు ఎనిమిది అంగుళాలకే కోయించాము. ఆ ఎత్తులో వాడు దూకనక్కరలేదు, అడుగు వేసి దిగుతాడు. కిందనుంచి గాలి ఆడుతుంది, చీపురు కూడా దూరుతుంది.

నూలు నవారా, నైలాన్ నవారా అన్నది రెండో మీమాంస. నూలు ఒంటికి హాయి, కాని తడిని పీల్చుకుంటుంది, త్వరగా సాగుతుంది. గొట్టంతో నీళ్లు పట్టి కడగడానికి వీలుగా ఉంటుందని నైలాన్ తీసుకున్నాము. అది కిలోల లెక్కన అమ్ముతారు, మాకు అయిదు కిలోలు పట్టింది. మామూలు మంచానికి అల్లినట్టే అల్లిస్తే సరిపోతుందనుకున్న నాకు, అల్లిన పెద్దాయన చెప్పిన మాట విలువైనదిగా తోచింది. "మనిషి వాలతాడమ్మా, బరువు మంచమంతా పడుద్ది. కుక్క ముందు నాలుగు కాళ్ల మీద నిలబడి, చుట్టూ తిరిగి, అప్పుడు గదా పడుకునేది. ఆ నాలుగు చోట్లా నవారు దిగిపోద్ది. నడిమిన దట్టంగా ఎయ్యాలి," అని ఆయన నడుమ భాగంలో వరసలు రెట్టింపు వేశారు, వేలు దూరే సందు కూడా లేకుండా లాగి అల్లారు. ఎనిమిది నెలల తరువాత కూడా నడుమ గుంట పడకపోవడానికి ఆ ఆలోచనే కారణం. చట్రం, నవారు, అల్లిక కూలి అన్నీ కలిపి 4,200 రూపాయలయింది. పాడైన పరుపుకు అంతకన్నా ఎక్కువే పెట్టాము.

తెచ్చిన రోజే ఎక్కి పడుకుంటాడనుకోవద్దు. కాలు పెట్టగానే నవారు కదలడంతో భైరవ బెదిరి తొమ్మిది రోజులు దాని దగ్గరికే రాలేదు. పాత జంపఖానా మడిచి పైన పరిచి, వాడికి అలవాటైన దుప్పటి దానిమీద వేసి, రాత్రి అన్నం తిన్న తరువాత నేను అంచున కూర్చుని పిలుస్తూ వచ్చాను. పదో రాత్రి ముందు రెండు కాళ్లు పెట్టాడు, కాసేపు ఆలోచించి మిగతా రెండూ పెట్టాడు. అప్పటినుంచి అది వాడి మంచమే. ఈ జాతికి తిన్న వెంటనే పరుగులు పెడితే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రాణాపాయం ఉంది కాబట్టి, తిన్నాక గంటసేపు కదలకుండా పడుకునే చోటు ఒకటి కుదరడం నాకు పెద్ద నిశ్చింత.

రోహిణి కార్తెలో మంచం పనితనం బాగా తెలిసింది. రాత్రిళ్లు కింద నుంచి ఫ్యాను గాలి తగిలేలా పెడితే, పొట్ట కింద వెంట్రుకలు పలచగా ఉండే భాగానికి ఆ గాలి నేరుగా అందేది, వగర్పు గంటలోపే తగ్గేది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మాత్రం మంచం రాతి నేలతో పోటీ పడలేకపోయింది. చల్లటి గ్రానైట్ మీదికి వాడు తనంతట తానే వెళ్లేవాడు. దానికి నేను అడ్డు చెప్పలేదు, మంచం నుంచి తలుపు దాకా కొబ్బరి పీచు పట్టలు పరిచి లేచేటప్పుడు కాలు జారకుండా మాత్రం చూశాను. వాటి అడుగున రబ్బరు ఉండాలి, లేకపోతే పట్టతో సహా కుక్క జారుతుంది.

లోపాలు ఉన్నాయి. మూడు వారాలకే నవారు వదులైంది. పెద్దాయన వచ్చి మొదటి నుంచి లాగి బిగించి 200 రూపాయలు తీసుకున్నారు, మళ్లీ దసరాకు ఒకసారి బిగించవలసి వచ్చింది. వెల్డింగు చేసిన ఒక మూల మొరటుగా మిగిలిపోయి వాడి తొడకు గీసుకుంది, ఆకురాయి పట్టించి నునుపు చేయించాము. డబ్బు ఇవ్వకముందే నాలుగు మూలలూ చేత్తో తడిమి చూసుకోండి. కోళ్లకు రబ్బరు బుష్షులు వేయించకపోతే అర్ధరాత్రి వాడు దొర్లినప్పుడల్లా ఇనుము రాతికి రాసుకుని ఇల్లంతా మేలుకొంటుంది. ఇల్లు తుడిచే తడికి కోళ్ల అడుగున తుప్పు పట్టింది, పెయింటు ఇంకో పూత వేయక తప్పదు.

ఏడాది నిండని పిల్లలకు ఈ మంచం వద్దు. పళ్లొచ్చే వయసులో నవారు కొరికి పోగులు మింగితే అవి పేగులకు అడ్డుపడి ఆపరేషన్ దాకా తేగలవు. నవారు అంచు విచ్చుకున్నట్టు కనబడితే పెద్ద కుక్కకైనా అదే భయం కనుక, వారానికి ఒకసారి దీపం పెట్టి చూసినంత శ్రద్ధగా అంచులన్నీ చూస్తున్నాను.

మోచేయి వాపు ఆగస్టు నాటికి సగానికి తగ్గింది. ఇప్పుడు చూస్తే చర్మం కొంచెం మందంగా, నల్లగా ఉంది తప్ప చేతికి నీరు తగలడం లేదు. గ్రేట్ డేన్ ఆయుష్షు ఎనిమిది, పదేళ్లకు మించడం అరుదు. ఆరో ఏడు దాటితే ఎనిమిది అంగుళాల ఎత్తు కూడా భైరవకు బరువవుతుంది. అందుకే ఈ సంక్రాంతిలోగా కోళ్లను కోయించి, మర తిప్పి నాలుగు అంగుళాల దాకా దించుకునేలా మార్పించమని వెల్డింగు షాపులో చెప్పి వచ్చాను.