అంకె వేస్తే నమ్మేస్తామా? ఒక చాట్‌బాట్ యాప్ మీద నా రివ్యూ

అచ్చుకెళ్లే వ్యాసాల్లో పేర్లూ తేదీలూ సరిచూడటం నా ఉద్యోగం. అందుకోసమే ఈ యాప్‌కి డబ్బు కట్టి మరీ వాడుతున్నాను. పొడుగాటి వ్యాసాన్ని కుదించడంలోనూ, వాక్యాలు దిద్దడంలోనూ దీనికి వంక పెట్టలేను. నా గొడవంతా జవాబుని తెర మీద చూపించే తీరుతోనే.

ప్రతి వాక్యం చివర, ఆధారమైన పేజీకి లింకుగా, చిన్న గుండ్రటి అంకె కనిపిస్తుంది. అది కనబడగానే ఎవరో సరిచూసే ఉంటారని మనసు సర్దుకుంటుంది. ఒక శాస్త్రవేత్త పుట్టిన ఏడాది పక్కనున్న 2ని నొక్కాను. ఆయన గురించిన పేజీయే తెరుచుకుంది. పైనుంచి కిందదాకా వెతికినా ఆ ఏడాది అందులో ఎక్కడా లేదు. లింకు నిజమే, పేజీ నిజమే, ఆ వాక్యానికి మాత్రం అక్కడ ఆధారం లేదు. ఆ అంకే లేకపోతే చదివేవాళ్లకి కాస్తయినా అనుమానం వచ్చేది!

'మళ్లీ రాయి' బటన్ ఇంకా అన్యాయం. నొక్కితే అదే ధీమాతో వేరే ఏడాది చెప్పింది. మొదటి జవాబు ఒక చిన్న బాణం గుర్తు వెనక్కి పోయింది. రెండూ పక్కపక్కనే పెడితే దీనికి ఖాయంగా తెలియదని ఎవరికైనా అర్థమవుతుంది. 'పొరపాట్లు ఉండొచ్చు' అన్న హెచ్చరికేమో అడుగున, కనీకనపడని బూడిదరంగులో. కవిత అడిగినా, మందు మోతాదు అడిగినా అదే ముక్క, అదే చోట.

కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం నుంచి ఎలైజా అనే ప్రోగ్రామ్ గురించి ప్రకటించాడు. మనం టైపు చేసిన మాటల్నే తిప్పి ప్రశ్నలుగా అడిగేది, అంతే. బొమ్మ లేదు, గొంతు లేదు. అది తయారవుతుండగా కళ్లారా చూసిన ఆయన సెక్రటరీయే, దాంతో మాట్లాడటం మొదలుపెట్టాక ఆయన్ని గదిలోంచి వెళ్లమందట. ఉత్త అక్షరాలకే మనిషి అంత దగ్గరైపోతాడని అప్పుడే తెలిసింది. అలాంటిది పేరు పెట్టి పలకరిస్తూ, 'ఆలోచిస్తున్నాను' అని చుక్కలు కదిలించే తెరని తయారుచేసేవాళ్లు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి! ఆధారం దొరకని వాక్యానికి రంగు మార్చి చూపించినా చాలు, నేను సంతోషంగా ఇంకో నక్షత్రం ఇస్తాను.

ప్రస్తుతానికి ఐదుకి మూడు. కుదింపుకీ, భాష దిద్దుకోవడానికీ నిశ్చింతగా తీసుకోండి. తేదీలూ మోతాదులూ అయితే మాత్రం అంకె నొక్కి, ఆ పేజీలో ఆ మాట ఉందో లేదో చూశాకే వాడండి.